ఆ మాట మళ్లీ వచ్చిందా అప్పా?

ఈసారి ఉత్తరం ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి. పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. వయసు 21. ప్లస్ త్రీ, అంటే డిగ్రీ, ఒడియా మీడియంలో పూర్తి చేసి, ఇప్పుడు బ్యాంకు పరీక్షలకి చదువుతున్నారు. నాన్నగారికి కిరాణా కొట్టు. తెలుగు చదవడం, రాయడం బడిలో నేర్చుకున్నవి కావు. నాయనమ్మ పాత వారపత్రికలు ముందేసుకుని నేర్పిందట.

రెండేళ్లుగా రాత్రిళ్లు కూర్చుని, కొట్లో మిగిలిపోయిన ఎర్ర అట్ట ఖాతా పుస్తకాల్లో ఒక నవల రాశారు. టీనేజి పిల్లలు చదివే ఫాంటసీ. మల్లి అనే పదహారేళ్ల పిల్ల ఉంటుంది. వాళ్ల ఊరి ఏరు ఎండిపోదు, నిద్రపోతుంది. మల్లి పిలిస్తే నీళ్లు లేస్తాయి. అయితే పిలిచిన ప్రతిసారీ ఆమె నోట్లోంచి ఒక మాట శాశ్వతంగా పోతుంది. మూడో అధ్యాయంలో మొదట పోయింది "అంబలి" అన్న మాట. అమ్మ గిన్నెలో పోస్తుంటే చూస్తుంది, ఆకలేస్తుంది, అడుగుదామంటే పేరు నోటికి రాదు. 11వ అధ్యాయంలో ఒక కొండపిల్ల ఆమె అవస్థ చూసి తమ భాషలో అంబలికున్న పేరు చెబుతుంది. ఆ తర్వాత ఆ పిల్ల మళ్లీ కనిపించదు. నీళ్లని నిద్రపుచ్చే మంచురాజు మల్లి తమ్ముణ్ణి ఎత్తుకుపోతే, వెతుక్కుంటూ ఆమె మంచుకొండల మీది కోటకి చేరుతుంది. 30వ అధ్యాయంలో ఒక ముని ప్రత్యక్షమై వజ్రఖడ్గం ఇస్తాడు. 31లో రాజు చస్తాడు, తమ్ముడు దొరుకుతాడు, మల్లి ఆ రాజ్యానికి రాణి అవుతుంది.

దీన్ని ముగ్గురికి ఇచ్చారు. విశాఖలో ఉండే మేనత్త, రిటైరైన తెలుగు టీచరు, "సగం ఒడియా, సగం పల్లెభాష, పైగా చివర నీతి లేదు" అన్నారు. స్నేహితురాలు లవ్ స్టోరీ లేకపోతే ఎవరూ చదవరంది. మూడోవాడు గుణుపురంలో ఉండే పిన్నికొడుకు, 14 ఏళ్లు. 29 అధ్యాయాలు రెండు రోజుల్లో చదివాడు. చివరి రెండింటికి వారం తీసుకున్నాడు. తిరిగిచ్చేటప్పుడు "బాగుంది అప్పా, గానీ చివర్న ఊరికే అయిపోనాది" అన్నాడు (అటువైపు అక్కని అప్ప అంటారు). అంతటితో ఊరుకోకుండా "ఇంతకీ అంబలి అన్న మాట మళ్లీ వచ్చిందా?" అని అడిగాడు. ఈమెకి ఒళ్లు మండి "అంత తెలిస్తే నువ్వే రాసుకో" అనేశారు. రెండు నెలలైంది, మాటల్లేవు. నాన్నగారు నవల చదవలేదు. దసరా దాటితే ఆ పుస్తకాలు అటక మీదికే అన్నారు.

ఉత్తరం చివర్లో మూడు ప్రశ్నలు ఉన్నాయి. ఇలాంటి నవల చదివాక కడుపు నిండినట్టు అనిపించాలంటే అందులో ఏముండాలి? గజేంద్ర మోక్షంలో దేవుడొచ్చి కాపాడితే ఊరికే అయిపోయిందని ఎవరూ అనరే, నా మునిని మాత్రం ఎందుకంటున్నారు? మళ్లీ రాయాలా, వదిలేయాలా?

*

అమ్మా, ఖాతా పుస్తకాల ఫొటోలన్నీ చదివాను. కొన్ని పేజీల్లో పైన "పామాయిలు 2 కేజీ" అని ఉండి, దాని కింద మంచురాజు ప్రవేశించడం చూసి హాయిగా నవ్వుకున్నాను. ఆ పేజీలు సాఫీగా తిరగరాసేటప్పుడు కూడా పారేయకండి.

మీకు కోపం తెప్పించినవాడే మీ పుస్తకాన్ని అందరికంటే శ్రద్ధగా చదివాడు. 14 ఏళ్ల కుర్రాడు, చేతిలో ఫోను ఉండి కూడా, చేతిరాతలో ఉన్న 29 అధ్యాయాలు రెండు రోజుల్లో చదివాడంటే మీ కథకి నడక ఉంది. నేను కొన్నాళ్లు ఒక పిల్లల పత్రికకి వచ్చే రాతప్రతులు చదివే పని చేశాను. వాటిలో చాలావాటికి మూడో పేజీ దాటడమే గండం. మీకు ఆ గండం లేదు. మీ చిక్కంతా చివరి రెండు అధ్యాయాల్లో ఉంది. దాని మూలం మాత్రం మూడో అధ్యాయంలో ఉంది.

ఖాతా పుస్తకంలోనే రాశారు కాబట్టి ఆ లెక్కలోనే చెబుతాను. నీళ్లు నిద్రపోతాయని మొదటి పేజీలో రాశారు. మీ తమ్ముడు "అదెలా?" అని అడగలేదు. నమ్మేశాడు. అది వాడు మీకిచ్చిన అప్పు. ఫాంటసీ రాసేవాళ్లు మిగతా రచయితల కంటే ఎక్కువ అప్పు చేస్తారు, ఎందుకంటే నమ్మమని అడిగేదే లేనిపోనివాటిని. మాట పోతుందన్నారు, అదీ నమ్మాడు. కొండపిల్ల ఒక మాట ఇచ్చింది, అదీ రాసుకున్నాడు. 29 అధ్యాయాలు చదివేసరికి మీ పేరున చాలా బాకీ ఉంది. 30వ అధ్యాయంలో మీరు ఆ ఖాతా మూసేసి, ఎవరో తెలియని మునితో ఒక వజ్రఖడ్గం ఇప్పించారు. ఖడ్గం చాలా ఖరీదైనదే. కానీ వాడు అడుగుతున్నది తన అంబలి తనకిమ్మని.

ఇక గజేంద్రుడి సంగతి. మంచి ప్రశ్న వేశారు. నేను కూడా ఒక పూట ఆలోచించాను.

ఆ ఏనుగు మడుగులో దిగి మొసలికి చిక్కగానే హరి రాలేదు. వెయ్యేళ్లు పెనుగులాడింది. బలం ఉన్నన్నాళ్లూ ఎవర్నీ పిలవలేదు. తన మందకి తానే రాజుననుకున్న ఏనుగు, బలం ఉడిగి, ఇక నా వల్ల కాదని ఒప్పుకున్న క్షణంలో పిలిచింది. కథ తిరిగింది అక్కడ. చక్రం వచ్చింది ఆ తర్వాత. పైగా ఏనుగు పూర్వజన్మలో అగస్త్యుడి శాపం తిన్న ఇంద్రద్యుమ్న మహారాజు. మొసలి హూహూ అనే గంధర్వుడు, దేవలుడి శాపం వల్ల అలా అయ్యాడు. పట్టుకున్నవాడిదీ పట్టుబడ్డవాడిదీ లెక్క ఒక్క దెబ్బకి తీరింది. వినేవాళ్లకి కడుపు నిండేది అందుకే. మీ మునిని మల్లి పిలవలేదు. ఆయన రావడానికి ముందూ వెనకా ఆమెలో ఏ మార్పూ లేదు. మంచురాజుకి ఏ కథా లేదు. ఆ ముని రాకపోతే పుస్తకం ఆగిపోయేది కాబట్టి వచ్చాడంతే.

బ్రాండన్ శాండర్సన్ అనే అమెరికన్ ఫాంటసీ రచయిత 2007లో ఈ విషయం మీద ఒక వ్యాసం రాశాడు. ఆయన చెప్పినదాని సారాంశం ఇదీ: మాయతో చిక్కు విప్పాలంటే, ఆ మాయ ఎలా పనిచేస్తుందో చదివేవాడికి ముందే ఎంత బాగా తెలిస్తే అంత బాగా అతుకుతుంది. తెలియని మాయతో కష్టాలు తెచ్చిపెట్టొచ్చు, ఆశ్చర్యపెట్టొచ్చు, భయపెట్టొచ్చు. గట్టెక్కించడానికి వాడితేనే మోసపోయినట్టు ఉంటుంది. అయినా ఇది అమెరికా వాళ్లు కనిపెట్టాల్సిన సంగతేమీ కాదు. మన బుర్రకథల్లో మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉందని కథ తేలకముందే మనకి చెప్పేస్తారు. బాలనాగమ్మ నోము పేరు చెప్పి గడువు తీసుకుంటుంది. ఆ గడువు తీరేలోపు, అమ్మని ఎరగని పసివాడు పెరిగి ఆమెని వెతుక్కుంటూ వస్తాడు. చిలక ఎక్కడుందో మనకి తెలుసు. వెళ్లాల్సింది కుర్రాడే అనీ తెలుసు. ఇక వాడు ఎలా వెళతాడన్నదే మిగిలింది. టీనేజి ఫాంటసీకి ఇంతకంటే గట్టి ఎముకలగూడు నేనైతే చూడలేదు.

"కుర్రాడే వెళ్లాలి" అన్నది ముఖ్యం. పెద్దల నవలలో ఎవరు గెలిపించినా కొంత సర్దుకుపోతాం. పదిహేనేళ్ల పాఠకుడు సర్దుకుపోడు. ఏ కోర్సులో చేరాలో, ఏ ఊళ్లో ఉండాలో, ఎవరితో తిరగకూడదో అన్నీ ఇంట్లోవాళ్లే చెబుతున్న వయసది. పుస్తకంలోనైనా తనలాంటి ఒకరు ఎవరి పర్మిషన్ లేకుండా ఒక నిర్ణయం తీసుకుని, దాని దెబ్బ తామే కాచుకోవడం వాడికి చూడాలనుంటుంది. మీరు సరిగ్గా ఆ చోట ఒక గడ్డం ముసలాయన్ని తెచ్చి నిలబెట్టారు. ఆయన సొంత తాతయ్య అయినా వాడికి నచ్చడు.

ఇంకో చిన్న సంగతి. మల్లి రాణి కావాలని ఎప్పుడు కోరుకుంది? నేను వెనక్కి వెళ్లి వెతికాను, ఎక్కడా లేదు. ఆమెకి కావాల్సింది తమ్ముడు, అమ్మ చేతి అంబలి, మెలకువగా ఉండే ఏరు. అడగనిది ఇచ్చి అడిగింది ఎగ్గొడితే, అది ఎంత పెద్ద సింహాసనమైనా వెలితిగానే ఉంటుంది.

ఇప్పుడు ఏం చేయొచ్చో చూద్దాం. నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి. దేని కష్టం దానికుంది.

ఒకటి, అన్నిటికంటే తక్కువ పని. మునిని ఉంచండి, కానీ ఐదో అధ్యాయానికే తీసుకురండి. ఖడ్గం ఉందనీ, దాన్ని పట్టుకున్నవాళ్లు ఏం పోగొట్టుకుంటారో ఆయన చేతే చెప్పించండి. వద్దని మల్లి వెనక్కి వస్తుంది. 30లో వేరే దారి లేక ఆమే ఆయన దగ్గరికి వెళుతుంది. ఇదంతా నెల రోజుల్లో అయిపోతుంది. మీ తమ్ముడు ఈసారి "పర్వాలేదు" అంటాడు. అంతకుమించి అనకపోవచ్చు, ఎందుకంటే కత్తికో లెక్క, మాటలకో లెక్క, పుస్తకంలో రెండు మాయలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

రెండోది నాకు రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. మునీ లేడు, ఖడ్గమూ లేదు. కోట కింద నిద్రపోతున్న నీళ్లన్నిటినీ మల్లి ఒక్కసారి పిలవాలి. అంత పెద్ద పిలుపుకి పెద్ద మాటే పోతుంది. ఏది పోతుందో పిలవకముందే ఆమెకి తెలుసు. పిలుస్తుంది. కోట కరుగుతుంది. తమ్ముడు ఎదురుగా నిలబడి ఉంటాడు. వాణ్ణి ఏమని పిలవాలో ఆమెకి తెలియదు. "తమ్ముడు" అన్న మాట పోయింది.

ఇది రాస్తే బలంగా ఉంటుంది, ఏడిపిస్తుంది కూడా. కాకపోతే అక్కడే ఆపేశారంటే మీ తమ్ముడు పుస్తకం విసిరికొడతాడు, తప్పు వాడిది కాదు. దాని తర్వాత ఇంకో అధ్యాయం కావాలి. అందులో ఏముండాలో మీరు 11వ అధ్యాయంలోనే రాసేశారు. మన భాషలో పోయిన మాట పక్కవాళ్ల భాషలో బతికే ఉంటుంది కదా! అంబలికి కొండపిల్ల తమ పేరు ఇచ్చినట్టే, ఎవరో "భాయి" అన్న మాట ఇవ్వొచ్చు. మల్లి దాన్ని వంకరగా, కొత్తగా పలుకుతుంది. వాడు నవ్వుతాడో ఏడుస్తాడో మీ ఇష్టం. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, సంతలో కొండల మీది సవరవాళ్ల మాట వినపడే ఊళ్లో పెరిగినవాళ్లకి తట్టే ఆలోచన ఇది. కావాలని రాశారో, దానంతటదే వచ్చిందో నాకు తెలియదు. మీ నవలలో అన్నిటికంటే నాకు నచ్చింది అదే.

మూడో దారిలో భారం అందరూ పంచుకుంటారు. ఊరివాళ్లు, కొండవాళ్లు తలా ఒక మాట వదులుకుని మల్లితో కలిసి నీళ్లని పిలుస్తారు. ఒకాయనకి "ఉప్పు" పోతుంది, ఒకావిడకి "మంగళవారం" పోతుంది. నవ్వూ ఉంటుంది, గుండె బరువూ ఉంటుంది. కానీ అప్పుడు గెలుపు మల్లి ఒక్కదానిది కాదు. దాన్ని ఆమెదిగా నిలబెట్టాలంటే, ఎవర్నీ ఏదీ అడగని మొండిపిల్ల మొదటిసారి నోరు తెరిచి సాయం అడగడం మీరు బాగా రాయాలి. అంటే గజేంద్రుడి దారే. దీనికి కొండపిల్ల మధ్యలో మాయం కాకూడదు, ఊరివాళ్లకి ముఖాలు ఉండాలి. కనీసం పది అధ్యాయాలు తిరగరాయాలి. దసరా లోపు కాదు.

నన్నడిగితే రెండోదానికే మొగ్గుతాను. నాకు ఏడిపించే పుస్తకాలంటే ఇష్టం, అదీ లెక్కలోకి తీసుకోండి.

కొండపిల్ల గురించి ఒక జాగ్రత్త. ఆమెని సవరపిల్లగా రాయాలనుకుంటే, ఆ ఇళ్ల గోడల మీద వేసే ఇడిటాల్ బొమ్మలు దేవతల కోసం, చనిపోయిన పెద్దల కోసం వేసేవి. కథకి రంగుగా ఉంటాయని వాటిని మంత్రాల బొమ్మలుగా మార్చేయకండి. మీ క్లాసులో చదివినవాళ్లు ఉండే ఉంటారు, వాళ్లని అడిగి రాయండి. మాటల మీద నవల కాబట్టి ఇదీ చెబుతాను. పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన 1936లోనే మంగే గొమాంగో సవర భాషకి సోరాంగ్ సొంపెంగ్ అనే లిపిని తయారుచేశారు. ఒక భాషకి కొత్తగా అక్షరాలు పుట్టిన కొండల పక్కన కూర్చుని, మాటలు పోగొట్టుకునే పిల్ల కథ రాస్తున్నారు మీరు.

మీరు చూడని మంచు కథలో ఉండొచ్చా అంటే, ఉండొచ్చు. చూడనిది రాయకూడదన్న నియమం ఫాంటసీలో చెల్లదు. మీ మంచుకోట పేలవంగా ఉండటానికి కారణం వేరే. అందులో చలి లేదు. మల్లి చెప్పులు లేకుండా నడుస్తుంది, కాళ్లు తిమ్మిరెక్కవు. మంచు ఎలా ఉంటుందో అడగాలంటే మీ గజపతి జిల్లాలోనే చంద్రగిరి దగ్గర 1963 నుంచి టిబెటన్లు ఉంటున్నారు. అక్కడి ముసలివాళ్లని ఒక్క మధ్యాహ్నం అడిగి చూడండి. మంచు వద్దనుకుంటే 1501 మీటర్ల మహేంద్రగిరి కళ్లెదుటే ఉంది. దాని చుట్టుపక్కల పుట్టి మహేంద్రతనయ అని ఒకే పేరు పెట్టుకున్న రెండు నదులు ఉన్నాయి, ఒకటి మీ ఊరి మీదుగా వంశధారలో కలుస్తుంది, ఇంకోటి బారువ దగ్గర సముద్రంలో పడుతుంది. రెండిట్లో నిద్రపోయింది ఏది అన్న ప్రశ్నతోనే ఒక నవల మొదలుపెట్టొచ్చు. ముని లేకుండా ఉండలేనంటే ఆ కొండ మీద పరశురాముడు ఇంకా తపస్సు చేస్తున్నాడని మీ నాయనమ్మ చెప్పే ఉంటారు. పాఠకుడికి ముందే తెలిసిన ముని కాబట్టి ఊడిపడ్డట్టు ఉండడు. కానీ ఆయన గొడ్డలితో, కోపంతో, తన కథంతా వెంటేసుకుని వస్తాడు. మల్లికి చోటు మిగలకపోవచ్చు.

మేనత్తగారి మాటల్లో అక్షరదోషాల వరకు తలొంచి తీసుకోండి, టీచరు కళ్లు ఊరికే పోవు. భాష మాత్రం మార్చకండి. గిడుగు రామమూర్తి గారు 1880లో బడిపంతులుగా వచ్చింది మీ ఊరికే. అక్కడే సవర నేర్చుకున్నారు, జనం మాట్లాడే తెలుగులో రాయాలని పోట్లాడారు. మీ మల్లి "ఏమిటి"ని "ఏటి" అంటే మేనత్తగారు కాదంటే ఎలా? నీతి సంగతి అడిగితే, మల్లి ఏం పోగొట్టుకుందో చదివినవాళ్లకి నీతి విడిగా చెప్పనక్కర్లేదని అనండి. అనే ధైర్యం లేకపోతే నవ్వి ఊరుకోండి. ప్రేమకథ మీకు రాయాలనిపిస్తే రాయండి. లేదంటే వద్దు. మీ స్నేహితురాలికి కావాల్సిన నవల వేరేది, అది ఆవిడే రాసుకోవచ్చు (ఈ మాట ఆవిడతో మీ తమ్ముడితో అన్నట్టు అనకండి).

ఇక నాన్నగారు. ఆయన భయం నవల గురించి కాదు, పరీక్ష గురించి. పరీక్ష అయ్యేదాకా పుస్తకాలు నిజంగానే కట్టిపెట్టారనుకోండి, రాసినదాని వేడి చల్లారి, తీసేటప్పటికి తప్పులు వాటంతటవే కనిపిస్తాయి. కానీ ఆరు నెలలు ఏడాది కావచ్చు, మల్లి గొంతు చెవిలోంచి జారిపోవచ్చు. రోజుకి అరగంట చొప్పున రాస్తానని ఆయనతో ఒప్పందం చేసుకోవచ్చు. అలాగైతే ఆయనకి కనపడేలా ఆ అరగంట దాటకుండా లేవాలి. ప్రతిలిపి లాంటి యాప్‌లో వారానికో అధ్యాయం పెట్టొచ్చు, చదివేవాళ్లు వెంటనే దొరుకుతారు. నేనైతే ముగింపు తేలకుండా పెట్టనివ్వను. కామెంట్లు చదువుతూ రాస్తే, ముని ఒక్కడు పోయి ముగ్గురొస్తారు. అటక ఎక్కించడమన్నది ఆయన మాట. ఆయన ఒక్క పేజీ కూడా చదవకుండా అన్న మాట. పామాయిలు లెక్క ఉన్న ఆ పేజీ ఒకరోజు కొట్లోనే మర్చిపోయి రండి, చూద్దాం.

వీటన్నిటికంటే ముందు గుణుపురం వెళ్లండి. రైలెక్కితే ఎంతసేపు? ఫోన్లో సారీ చెబితే ఆ వయసు కుర్రాళ్లు "సర్లే" అని పెట్టేస్తారు. ఖాతా పుస్తకం వెంట తీసుకెళ్లండి. మూడో అధ్యాయం అంచున వాడు పెన్సిల్‌తో రెండు గీతలు గీసి ఉన్నాడు, ఫొటోలో నాకు కనిపించాయి. 11లో కొండపిల్ల వచ్చిన చోట కూడా గీత ఉంది. 30, 31ల్లో ఒక్కటి కూడా లేదు. ఆ గీతలు చూపించి, ఇక్కడ నీకేమనిపించింది అని అడగండి. వాడు చెబుతుంటే మధ్యలో మీ నవలని వెనకేసుకు రాకండి, అది కష్టమే. ఆ తర్వాత, మల్లి "తమ్ముడు" అన్న మాట మర్చిపోతే నువ్వేం చేస్తావురా అని అడిగి చూడండి.